ఏడ్చినవారికే వాకిలి

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ మాటలో మొదటి సగాన్ని కాచమ్మ ఎంత శ్రద్ధగా పాటిస్తూ వచ్చిందంటే, రెండో సగానికి ఆమెకు ఏనాడూ తీరిక చిక్కలేదు.

అందుకే మూడు కొండల నడుమ తొమ్మిది వాకిళ్ల సమాధి మొదటిసారి కంటబడినప్పుడు ఆమె నోట "ఆహా" అన్న మాట రాలేదు. అనదగిన సొగసు మాత్రం అక్కడ కొండంత ఉంది. ఒకదాని కడుపులో ఒకటిగా తొమ్మిది ప్రాకారాలు. వెలుపలిది ఎర్రరాయి, లోపలికి పోయేకొద్దీ నల్లరాయి, పచ్చరాయి, పాలరాయి. గోడల పొడుగునా వరసకట్టిన ఏనుగులు, తొండాలు విరిగినా నడక మానని ఏనుగులు. వింజామరలు పట్టిన చెలికత్తెలకు చేతులు పోయాయి గాని చిరునవ్వులు పోలేదు. అన్నిటికీ నడుమ బంగారు రేకు ఊడిపోయిన గుమ్మటం, దాని పగుళ్లలో రావిమొక్కలు, రావిమొక్కల్లో చిలకల గుంపులు. మధ్యాహ్నపు ఎండకు పాలరాయి మీగడ కట్టినట్టు మెరుస్తోంది. దేశదేశాల కవులు వచ్చి దీన్ని చూసి పద్యాలు చెప్పి పోయారు.

కాచమ్మ చూసి, "ఒరే గణపా, ఆ గుమ్మటం ఎడమపక్కకు వంగిందిరా," అంది.

"ఆరువందల ఏళ్లుగా వంగే ఉందంటమ్మా. మనం వచ్చామని ఇవ్వాళ పడదులే."

"ఆరువందల ఏళ్లు ఆగింది గనకే ఇవ్వాళ పడుతుందంటున్నా."

గణపన నవ్వాడు. ఇరవై రెండేళ్లవాడు, విశాలమైన భుజాలు, తల్లిని ఆట పట్టించడంలో చిన్నప్పుడే చేయి తిరిగినవాడు. ప్రస్తుతం ఒక దున్నపోతు మీద అడ్డంగా కూర్చుని ఉన్నాడు. కూర్చున్నాడనడం కంటే, కట్టి ఉన్నాడనడం నిజం. నడుము కిందంతా రాయి.

ఇది మొదలై నేటికి మూడో రోజు. భస్మదంతుడనే మాంత్రికుడు, వేయి రూపాలెత్తగలవాడు, మణిమంత దేశపు రాజకుమార్తెను ఎత్తుకుపోయాడు. మోపూరులో విస్తళ్లు కుట్టుకు బతికే కాచమ్మ కొడుకు ఆ సంగతి విని, చెప్పకుండా వెళ్లి, వాడి కోటలో దూరి, పిల్లను విడిపించి తండ్రి ఇంట దిగబెట్టాడు. కోట గోడ దూకుతుండగా భస్మదంతుడు గుప్పెడు బూడిద విసిరాడు. అది గణపన పాదాల మీద పడింది. మొదటి రోజు పాదాలు రాయయ్యాయి. రెండో రోజు మోకాళ్లు. మూడో రోజు పొద్దు గుంకేసరికి గుండె రాయవుతుందని రాజవైద్యుడు నాడి చూసి చెప్పాడు. మందు కూడా ఆయనే చెప్పాడు. చంద్రశిల గిన్నెలో మూడుసార్లు నీళ్లు నింపి తాగాలి. మూడోది దక్కకపోతే మొదటి రెండూ వృథా.

ఆ గిన్నె కథ అందరికీ తెలిసిందే. బాలార్క చక్రవర్తి ఇరవయ్యో ఏట విషజ్వరాన పడితే, తల్లి ఇందుమాంబ ఏడు సముద్రాల అవతల నుంచి దాన్ని తెప్పించింది. ఒక్క పూట ఆలస్యంగా వచ్చింది. కొడుకుతోపాటే దాన్నీ సమాధిలో పెట్టించింది. అప్పటినుంచి దొంగలు వెతికారు, రాజులు వెతికారు, రాజులైన దొంగలు కూడా వెతికారు. ఎవరికీ దొరకలేదు.

"ఆ పిల్లను వాళ్ల నాన్నే తెచ్చుకోకూడదా?" అంది కాచమ్మ, దారి పొడుగునా నలభయ్యోసారి. "సైన్యం ఉంది. ఏనుగులున్నాయి. నా ఒక్క కొడుకే దొరికాడా?"

"వాళ్లెవరూ దూరలేని కంత ఉందమ్మా ఆ గోడకి. నువ్వు పెట్టే తిండికి నేనొక్కణ్ణే పట్టాను."

దున్నపోతెక్కి సమాధికి పోవడం! ఇంతకంటే అపశకునాన్ని ఎవరైనా ఊహించగలిగితే అది కాచమ్మే. ఆమె కూడా ఇంతదాకా ఊహించలేదు. కాని రాతికాళ్ల బరువు మోయగల జంతువు ఆ చుట్టుపక్కల ఇంకోటి దొరకలేదు. అందుకని దాని నుదుట ఇంత బొట్టు పెట్టి, కొమ్ములకు పసుపు రాసి, ఆవును పిలిచినట్టు "గౌరీ, గౌరీ" అని పిలుస్తూ నడిపించుకొచ్చింది. దున్నపోతు అభ్యంతరం చెప్పలేదు.

వెలుపలి వాకిలి పక్కన ఒక పొడుగాటి రాతి అరుగు. దాని మీద తెల్లని గడ్డంతో ఒక ముసలాయన బాసింపట్టు వేసుకుని, అరుగులోనే ఉన్న చిన్న గుంటలో వక్కలు దంచుకుంటున్నాడు. వాకిలికాపు సంకన్న. తాతముత్తాతల నుంచి వాళ్లదే కావలి. వీళ్లను చూసి దంచడం ఆపి, గొంతు సవరించుకున్నాడు.

"రాజమాత ఇందుమాంబ శాసనం. మా బిడ్డ కోసం కన్నీరు కార్చనివారు ఈ వాకిలి దాటరాదు. వచ్చారు, బాగుంది. ఏడవండి."

"ఇప్పుడేనా?" అన్నాడు గణపన.

"మరి, పోయేటప్పుడు ఏడుస్తారా? త్వరగా కానివ్వండి. ఒక్క సంగతి. నేను నలభై ఏళ్లుగా ఏడుపులు చూస్తున్నవాణ్ణి. గొంతులోంచి వచ్చేదేదో, కడుపులోంచి వచ్చేదేదో, పక్కవాళ్లు చూస్తున్నారని వచ్చేదేదో నాకు ఇట్టే తెలుస్తుంది. అదుగో, ఆ సామిని చూడండి. పొద్దుటినుంచి నాలుగుసార్లు ఏడ్చాడు. అరుపు ఉంది. తడి లేదు. పంపలా."

అరుగు చివర నీడలో ఒక బక్కపల్చని యాత్రికుడు కాషాయం తల మీదుగా కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఎండ పడనట్టుంది, గుండ్రటి కళ్లు చికిలించుకుంటున్నాడు. ఆ వాలకం చూసి కాచమ్మ దగ్గరికి వెళ్లింది.

"అయ్యో సామీ, వడ కొట్టినట్టుంది మీకు. ఎండన పడి రావచ్చా? ఇంట్లో చెప్పేవాళ్లు లేరా?" అని మూటలోంచి మజ్జిగ ముంత తీసి ఇచ్చింది. ఇచ్చి ఊరుకుందా? కొడుకు కాళ్లు, బూడిద, గిన్నె, మూడుసార్లు నీళ్లు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన మజ్జిగ తాగుతూ, "పాపం, పాపం," అంటూ విన్నాడు. "దొరుకుతుందిలే తల్లీ. అక్కర ఉన్నవాళ్లకే దొరుకుతుంది. నేనిక్కడే ఉంటాను," అన్నాడు.

"ఇక కానిద్దామా?" అన్నాడు సంకన్న.

కాచమ్మకు చెప్పడమే ఆలస్యం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూలబడింది. ముందు ఇరవయ్యేళ్లకే పోయిన చక్రవర్తి కోసం ఏడ్చింది. ఆపైన గిన్నె మోసుకొచ్చిన నావ కోసం, ఆ నావలో వాంతులు చేసుకుని ఉంటారని నావికుల కోసం, వాళ్ల ఇళ్లలో తలుపు దగ్గర నిలబడ్డ తల్లుల కోసం ఏడ్చింది. అక్కణ్ణుంచి దారి మళ్లింది. గుమ్మటం పడబోతోందని, లోపల పాములుంటాయని, పాము కరవకపోయినా జెర్రి చెవిలో దూరుతుందని, కొడుకు రాయైపోతే పిల్లనెవరిస్తారని, ఇచ్చినా కాపురం ఎట్టా చేస్తాడని రాగం తీసి ఏడ్చింది. సంకన్న గడ్డం తడిసింది.

"చాలు తల్లీ, చాలు! తొమ్మిది వాకిళ్లకూ సరిపోయింది. మా నాయన కాలం నుంచీ ఇట్టాంటి ఏడుపు ఈ అరుగు ఎరగదు." కళ్లు తుడుచుకుని దున్నపోతు వంక తిరిగాడు. దానికి పుట్టుకతోనే కళ్లు కారుతుంటాయి. సంకన్న మెచ్చుకోలుగా తలూపాడు. "ఇదీ పోవచ్చు. ఇక అబ్బాయి."

అబ్బాయి భుజాలు అదురుతున్నాయి. జెర్రి మాట దగ్గర మొదలైన నవ్వును పళ్ల బిగువున పట్టాడు గాని, పిల్లనెవరిస్తారన్న దగ్గర పట్టు జారింది. పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి.

"సిగ్గు లేదురా?" అంది తల్లి.

సంకన్న ఆ నీళ్ల వంక చూశాడు. ఆకాశం వంక చూశాడు. "శాసనంలో కన్నీరు అని ఉంది. ఎందుకొచ్చిందని లేదు. పదండి."

వాకిలి తెరుచుకుంది. బండ మీద బండ రాసుకున్న చప్పుడుకి చిలకలన్నీ ఒక్కసారి లేచాయి.

మొదటి ఆరు వాకిళ్లూ చూడవచ్చినవాళ్లు తిరిగే చోటు. సంకన్న కర్ర తాటించుకుంటూ ముందు నడిచాడు. ఇది దర్పణ మండపం, ఇది వీణా మండపం, దీని మీద వేలితో కొడితే సరిగమలు పలికేవి, ఇప్పుడు దగ్గుతుంది. ఏడో వాకిలి దగ్గర ఆగి, మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు.

"ఇక మీరు ముందు నడవండి. ఇది దాటి నేనెప్పుడూ పోలా."

"ఏం? ఏముంది లోపల?"

"తెలిస్తే చెప్పనా తల్లీ? పోయినవాళ్లు ఎక్కువ, వచ్చినవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు కూడా, ఏం లేదు ఖాళీ అనేవాళ్లు గాని దారి సంగతి చెప్పేవాళ్లు కాదు. వణుకుతా ఉండేవాళ్లు."

వేరే తల్లి అయితే వెనక్కి తగ్గేది. కాచమ్మ ఇంటి దగ్గర బావి గట్టుకు కూడా భయపడేదే. అయితే భయం అలవాటైనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఏ చోటికి వెళ్లినా వాళ్లకు కొత్తగా భయం వేయదు. దున్నను తోలే ములుకర్ర తిప్పి పట్టుకుని, అడుగు వేయబోయే ప్రతి బండనూ మూడుసార్లు పొడిచి చూస్తూ ఏడో వాకిట్లోకి నడిచింది.

"అమ్మా, ఇట్టా అయితే ఎనిమిదో వాకిలికి రేపొస్తాం. మనకు రేపు లేదు."

"నోర్ముయ్."

అయిదో బండను పొడిచింది. బండ తిరగబడింది. కింద చీకట్లో ఎక్కడో, చాలాసేపటికి, నీళ్ల చప్పుడు వినిపించింది. గణపన కిందికి తొంగి చూసి, ఆరో బండను తనే నాలుగుసార్లు పొడవమన్నాడు. ఆమె పొడిచి చూసి పదకొండు బండలు తప్పించింది. దున్నపోతు ఆమె అడుగులోనే అడుగు వేసింది.

ఎనిమిదో వాకిలి ఇరుకు. అటూ ఇటూ రాతి భటులు, చేతుల్లో నిజమైన కత్తులు, ఆరువందల ఏళ్లయినా తుప్పు పట్టని కత్తులు. కాచమ్మ ఆగి మూటలో చెయ్యి పెట్టింది.

"మళ్లీ ఏం తీస్తున్నావ్?"

"గడప దాటే ముందు కొబ్బరికాయ కొట్టాలి."

"గడప గడపకీనా!"

"ఇది కొంచెం తేడాగా ఉంది."

కొట్టడానికి రాయి కనపడక కాయను గడప లోపలికి దొర్లించింది. అంతే. ఇటు పన్నెండు కత్తులు, అటు పన్నెండు కత్తులు ఖణేలుమని దిగాయి. కళ్లు మూసి తెరిచేలోగా భటుల చేతులు ఖాళీ, కత్తులన్నీ నేలలో పిడిదాకా దిగి ఉన్నాయి. సంకన్న వాటి మధ్య నుంచి ఒంగి రెండు చిప్పలూ ఏరుకుని, వెలుగుకు ఎత్తి చూశాడు.

"సరిసమానంగా పగిలింది. శకునం బాగుంది," అన్నాడు.

తొమ్మిదో వాకిలికి తలుపు లేదు, పైనుంచి దిగే బండ ఉంది. ముగ్గురూ లోపలికి కాలు పెట్టారో లేదో అది గరగరమని దిగసాగింది. దిగి దిగి ఠక్కున ఆగింది. గౌరి సగం లోపల, సగం బయట. బండ దాని వీపు మీద ఆనింది. దున్నపోతు ఒక్కసారి నిట్టూర్చి, నెమరు వేయడం మొదలుపెట్టింది. ఆ వీపు మీది నుంచి గణపనను కిందికి దించడానికి ఇద్దరికీ ప్రాణం పోయినంత పనైంది. రాయి అప్పటికే పొట్ట దాటి పక్కటెముకలకు ఎక్కింది.

ఆ గదిలో ఒక రాతి మంచం ఉంది. గోడల నిండా గునపాల గాట్లున్నాయి. ఇంకేమీ లేదు.

చచ్చినవాళ్లు చెప్పలేకపోయిన సంగతీ, బతికినవాళ్లు చెప్పిన సంగతీ ఒకటే. ఖాళీ. సంకన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. గణపన గోడకు ఆనుకుని ఉన్నాడు. ఊపిరి చిన్నగా, పొడి పొడిగా వస్తోంది. అయినా తల్లి మొహం చూసి నవ్వబోయాడు.

"అమ్మా, నన్నింటికి తీసుకుపో. పెరట్లో నిలబెట్టుకో. రెండు చేతులూ చాపి ఉంచుతా. బట్టలారేసుకుందువు."

"చేతులు చాపుకుని వానలో నిలబడతావా? జలుబు చేస్తే?" అంది కాచమ్మ. అని, తన మాట తనకే వినపడి, రాతిమంచం మీద కూలబడింది. ఇంతసేపూ వాకిళ్లకు సరిపడా ఏడ్చిన మనిషికి ఇప్పుడు కన్ను చెమ్మగిల్లలేదు. చుట్టూ చూసింది. ఎందుకు చూస్తోందో ఆమెకే తెలియదు. బిడ్డను ఎక్కడికి తీసుకుపోయినా ముందు ఆ చోటు కలయజూసే అలవాటు, అంతే.

"ఇక్కడ దీపం పెట్టే గూడు లేదు," అంది.

"ఏంది తల్లీ?"

"గూడు లేదన్నా. కిటికీ లేదు. నీళ్లు పెట్టుకునే చోటు లేదు. తొమ్మిది తలుపులు మూసి, ఈ చీకట్లో ఒంటరిగా పడుకోబెడుతుందా? జ్వరం పడ్డ బిడ్డను? ఆ రాణమ్మకు పిచ్చా?"

"బిడ్డ చనిపోయాక..." అన్నాడు సంకన్న నెమ్మదిగా.

"అయితే? పోయాడని తల్లికి భయం పోతుందా?" లేచి నిలబడింది. "ఆ తల్లి వచ్చి ఈ మంచం పక్కన కూర్చునేదా?"

"ఒక్కనాడూ రాలేదంట. దుఃఖం తట్టుకోలేక లోపల కాలు పెట్టలేదంట. పన్నెండేళ్లు బయట వాకిట్లోనే, ఆ అరుగు మీదే కూర్చుని కూర్చుని అక్కడే పోయిందంట."

"దుఃఖం తట్టుకోలేని తల్లి బిడ్డను లోపల పెట్టి బయట కూర్చోదు, సంకన్నా. బిడ్డ ఎక్కడుంటే అక్కడ కూర్చుంటుంది. ఈ తొమ్మిది వాకిళ్లూ ఎవరికోసం కట్టింది? దొంగల కోసం కట్టింది. పద, పద, పొద్దు పోతోంది!"

గణపనను దున్న పక్కనుంచి బయటికి ఈడ్చి, దాన్ని వెనక్కి లాగి, మళ్లీ వీపుకు ఎట్టా ఎక్కించారో చెప్పుకోవాలంటే ఇంకో గంట పడుతుంది. గౌరి వీపు బయటికి రాగానే బండ ధడేలుమని దిగి గది శాశ్వతంగా మూతబడింది. పొడిచి చూసిన బండల మీదే పరుగున వెనక్కి వచ్చారు. వెలుపలి వాకిట్లో పడేసరికి ఎండ ఎర్రబారింది. పడమటి కొండకూ పొద్దుకూ నడుమ నాలుగు వేళ్లు పట్టే ఎడం మాత్రమే ఉంది.

కాచమ్మ అరుగు మీద ఆ చివర నుంచి ఈ చివరకు పాకింది. అతుకు లేదు, గీత లేదు. ఆరువందల ఏళ్ల కన్నీళ్లకు నున్నబడ్డ రాయి.

"ఈ గుంట ఏంటి?"

"అదా? వక్కల గుంట. మా తాతలనాటి నుంచీ అందులోనే దంచుకుంటున్నాం. చేతికి అనువుగా ఉంటుంది."

కాచమ్మ లోపలి వక్కపొడిని కొంగుతో తుడిచేసింది. గోడకు వీపు ఆనించి, కాళ్లు ముడుచుకుని, ఒక ఆడమనిషి కూర్చునేట్టు కూర్చుంది. కుడిచేయి దానంతటదే వచ్చి ఆ గుంటలో పడింది. వేళ్లు వేళ్ల చోట, అరచెయ్యి అరచేతి చోట సరిగ్గా అమరాయి. ఒకే చోట, ఒకే చేత్తో, పన్నెండేళ్లు తడితే పడిన గుంట అది.

"జో కొట్టింది," అంది. "ఇక్కడ కూర్చుని బిడ్డకు జో కొట్టింది."

ఆ మాట అంటూ ఆమె కూడా తట్టింది. గణపన పసివాడుగా ఉన్నప్పుడు తట్టినట్టే. రెండు నెమ్మదిగా, ఒకటి ఇంకా నెమ్మదిగా. రాయి వెచ్చబడింది. అరుగు మధ్యనుంచి ఒక పలక, నిద్రపోతున్నవాళ్లను లేపకూడదన్నట్టు, చప్పుడు లేకుండా పక్కకు జరిగింది.

లోపల చిన్న గది. పడమటి గోడలో సన్నని చీలిక, అందులోంచి సాయంత్రపు వెలుగు. గూట్లో ప్రమిద. పట్టుబట్టల్లో చుట్టిన సన్నటి రూపం, పక్కన ఒక కాలు విరిగిన కొయ్యగుర్రం. ఇరవయ్యేళ్ల చక్రవర్తికి కొయ్యగుర్రమా అని కాచమ్మ అనుకోలేదు. తలాపున, దాహం వేస్తే చేతికందే చోట, పాలనురుగు రంగు గిన్నె.

"నాయనా," అంది ఆమె లోపలికి వంగి, "నీ గిన్నె ఒక్క పూటకు తీసుకుంటున్నా. ఏమనుకోకు." సాయంత్రం చలిగాలి కొడితే కొడుక్కి కప్పాలని మోసుకొచ్చిన దుప్పటి తీసి ఆ పట్టుబట్టల మీద కప్పింది. గిన్నె అందుకుంది.

పరాయి ఊరి నీళ్లు ఒంటికి పడవేమోనని ఆమె ఇంటినుంచి మూడు రోజులకు సరిపడా నీళ్లు మోసుకొచ్చింది. దానికి గణపన దారంతా నవ్వాడు. ఇప్పుడు నవ్వడానికి అతనికి ఊపిరి లేదు. మొదటి గిన్నె పెదాల దగ్గర పెట్టింది. సగం ఒలికింది, సగం దిగింది. ఛాతీ పొంగింది. దగ్గాడు. రెండో గిన్నె. నడుము సడలింది, కట్లు తెంచుకుని దున్న మీది నుంచి కిందికి జారి కూర్చున్నాడు. తొడల్లో రంగు వచ్చింది.

"మజ్జిగ ఉందామ్మా?" అన్నాడు.

"పోయింది రా, ఆ సామికిచ్చా." ఆమె మూడో గిన్నె నింపింది. పొద్దు కొండకు ఆనింది.

"దొరికిందన్నమాట," అన్న మాట వెనక నుంచి వినిపించింది.

కాషాయం ముసుగు వేసుకున్న యాత్రికుడు అరుగు చివర నుంచి లేచి వస్తున్నాడు. ఎండ తగ్గింది గనక ముసుగు తీసేశాడు. కళ్లు చికిలించడం లేదు. గుండ్రంగా, పచ్చగా, రెప్ప కొట్టకుండా ఉన్నాయి. లోకంలో చీమకూ దోమకూ మబ్బుకూ మెట్టుకూ భయపడిన కాచమ్మ, భయపడవలసిన ఒక్కడికీ భయపడలేదు. మజ్జిగ ఇచ్చింది.

"ఇరవై ఏళ్లుగా తవ్వానమ్మా దీనికోసం," అన్నాడు భస్మదంతుడు. "ఇది ఉన్నవాడికి చావు లేదు. తల్లి పెట్టినదాన్ని తల్లే వెతకగలదని ఆలస్యంగా తట్టింది. అందుకే నీ కొడుకు కాళ్ల మీద బూడిద చల్లాను. నీ మజ్జిగ మాత్రం కమ్మగా ఉంది."

కాషాయం రెండుగా చీలి రెక్కలైంది. ముక్కు వంగి కొక్కెమైంది. ఇంటి కప్పంత గుడ్లగూబ ఒక్క ఊపున లేచి, ఒక కాలితో గిన్నెను అందుకుంది.

ఇంకొకరైతే గిన్నెతో పెనుగులాడేవారు. పెనుగులాడితే నీళ్లు ఒలుకుతాయి. కాచమ్మ గిన్నె వదిలేసి రెండో కాలు పట్టుకుంది.

పాదాలు అరుగు వదిలాయి. మనిషి ఎత్తు. వాకిలి ఎత్తు. కింద సంకన్న తలపాగా ఊపుతూ ఏదో శాసనం చదువుతున్నాడు. మోకాళ్ల కింద ఇంకా రాయిగానే ఉన్న గణపన నేల మీద దేకుతూ, తల పైకెత్తి గొంతు చించుకుంటున్నాడు.

"అమ్మా! వదిలెయ్! అరుగు మీదికి దూకెయ్! వదిలెయ్యమ్మా!"

ఇప్పుడు వదిలితే అరుగు అందుతుంది. నడుము విరిగినా ప్రాణం ఉంటుంది. ఆ లెక్క కాచమ్మకు వెంటనే తెలిసింది, పడడం గురించి ఆమె ఎరగనిదేముంది గనక. కాని గిన్నెలో నీళ్లు అట్టాగే ఉన్నాయి, అంచుదాకా, వణుకుతూ. పొద్దు సగం మునిగింది. ఆమె ఎడమచేత్తో గూబ కాలును చుట్టుకుని, కుడిచెయ్యి చాచింది. అందలేదు. ఇంకొంచెం పైకి పాకింది. కొంగు ఊడి గాలిలో జెండాలా ఎగిరింది. ఏనుగుల వరస కిందికి పోయింది, వంగిన గుమ్మటం పక్కకు వచ్చింది. మూడు వేళ్లు గిన్నె అంచుకు తగిలాయి.

"వదిలెయ్" అనడానికి కొడుకు నోరు బార్లా తెరిచి ఉంది. కాచమ్మ గురి చూసి గిన్నె వంచింది.

నీళ్లు సాయంత్రపు వెలుగులో ఎర్రటి దండలా దిగాయి. సగం సంకన్న నెత్తిన పడ్డాయి. మిగతా సగం పడవలసిన చోటే పడ్డాయి.

గూబ కిర్రుమని అరిచి, అప్పుడు చూసింది తన కాలికి వేళ్లాడుతున్న మనిషిని. విదిలించింది. కాచమ్మ రెండు చేతులూ కలిపి బిగించింది. మూడు కొండలూ కింద వెనక్కి తిరుగుతున్నాయి. ముందు ఎక్కడో అడవులు, అడవుల మధ్య మసక మసకగా భస్మదంతుడి నల్లకోట బురుజులు. కళ్లు మూసుకుందామనుకుంది. మూసుకునే ముందు, అలవాటు కొద్దీ, బిడ్డ ఎట్టా ఉన్నాడో అని ఒక్కసారి కిందికి చూసింది.

చీమంత కనిపిస్తున్నాడు గణపన. దున్నపోతు మీద లేడు. నేల మీద కూర్చుని లేడు. రెండు కాళ్ల మీద, మూడు రోజులుగా నేల తగలని రెండు కాళ్ల మీద, గూబ నీడను పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. వాడి వెనక గౌరి. గౌరి వెనక, కర్ర పైకెత్తి, సంకన్న.

కాచమ్మకు గుండె గుభేలుమంది.

"ఒరే గణపా!" అని ఆకాశం దద్దరిల్లేట్టు అరిచింది. "పరిగెత్తకురా! దారంతా రాళ్లున్నాయి, పడతావ్!"